పేషెంట్ తాలూకు

రాత్రి రెండు గంటల వేళ ఏ పెద్దాసుపత్రి క్యాజువాలిటీ ముందర నిలిచినను ఒక కేక తప్పక వినవచ్చును. సగము తెరచిన తలుపులోనుండి చేత చీటీతో ఒక సిస్టరో వార్డుబాయో తల బయటపెట్టి, "ఆరో నంబరు పేషెంట్ తాలూకు ఎవరండీ?" అని అరచుటయు, అంతవరకు గోడవార తువ్వాలు పరచుకొని కునుకు తీయుచున్న మనిషి యొకడు దిగ్గున లేచి, "మేమేనండీ, మేమేనండీ" అనుచు పరుగెత్తుటయు అరనిమిషములో జరిగిపోవును. ఆ మనిషికి పేరున్నది, ఊరున్నది, వృత్తియున్నది. కాని గుమ్మము దాటిన క్షణముననే అవి యన్నియు రాలిపోయి "తాలూకు" అను నొక్క మాట మిగులును. రక్తము తెచ్చుటకు బ్లడ్ బ్యాంకునకు పరుగెత్తువాడు తాలూకు. స్కానింగు గదికి స్ట్రెచరు తోయువాడు తాలూకు. బయటి మందుల షాపునుండి సూదిమందు తెచ్చువాడు, సెలైను సీసా అడుగంటినదని సిస్టరును పిలుచుకొని వచ్చువాడు, చదువుటకు వ్యవధి లేని కాగితముపై సంతకమో వ్రేలిముద్రయో వేయువాడు, అందరును తాలూకులే.

ఈ మాట అరబ్బీలో పుట్టి పారశీకము వెంట మన దేశమునకు వచ్చినది. సంబంధము, తగులము అని దాని యర్థము. దివాణముల వారు దానిని శిస్తు లెక్కలలోనికి తెచ్చి భూభాగమునకు పేరుగా పెట్టినారు. 1985లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రెవెన్యూ తాలూకాలు పోయి మండలములు వచ్చినవి గాని, ఆసుపత్రి తాలూకును రద్దు చేయు ప్రభుత్వము ఇంకను రాలేదు. పదకొండేండ్లుగా నేను ఆ కొలువులో నున్నాను. నా భార్యకు ఛాతీ మొదలుకొని దిగువకు స్పర్శయు లేదు, చలనమును లేదు. ఆమె పేషెంటు, నేను తాలూకు.

అది చైత్రమాసము. గుమ్మడి వడియములు పెట్టుటకు ఆమె మేడమీదికి వెళ్ళినది. మేడకు పిట్టగోడ లేదు. వచ్చే ఏడు కట్టింతమని నాలుగేండ్లుగా వాయిదా వేయుచు వచ్చినవాడను నేనే. తడిబట్ట పరచుచు వంగి వెనుకకు అడుగు వేసి, పండ్రెండడుగుల ఎత్తునుండి వాకిట పడినది. నేను పరుగున వచ్చి, ప్రేమకొలదియు భయముకొలదియు, ఆమె చంకల క్రింద చేతులు పెట్టి ఎత్తి కూర్చుండబెట్టినాను. ప్రక్కింటి కుర్రవాడు కాళ్ళు పట్టినాడు. ఆటోలో మా ఇద్దరి ఒడులలో వంచి పరుండబెట్టి తీసికొనిపోయినాము.

చేయగూడనిది అదియే. వెన్నుపూసలు విరిగినప్పుడు వాని నడుమ నుండు వెన్నుపాము ఒక్కొక్కప్పుడు నలిగి మాత్రమే యుండును, పూర్తిగా దెబ్బతిని యుండదు. అట్టి సమయమున మనిషిని వంచినను, కూర్చుండబెట్టినను, పగిలిన యెముక అంచు ఆ నరముల పోగును మరింత నొక్కును. పడిన మనిషిని పడిన చోటనే కదలనీయక, మెడకు రెండువైపుల గుడ్డచుట్టలు ఒత్తిపెట్టి, నలుగురు కలిసి తలయు నడుమును కాళ్ళును ఒక్క దూలమువలె దొర్లించి చెక్కమీదికి చేర్చవలెను. తలుపు రెక్క ఊడదీసినను చాలును. నేను ఎత్తుటవలన చెడినదా, పడుటతోనే చెడినదా అని ఆపరేషను చేసిన డాక్టరుగారిని మూడుసార్లు అడిగినాను. మూడుసార్లును ఆయన, "ఇప్పుడది ఎందుకండీ" అన్నాడు.

తెలంగాణ పల్లెలలో తాటిచెట్టునుండి పడిన గీత కార్మికుల యిండ్లలో ఈ కథ నాకంటె ఎక్కువ మందికి తెలియును. 2024 జూలైలో అక్కడి ప్రభుత్వము, గీత వృత్తివారి దైవమగు కాటమయ్య పేర, చెట్టెక్కువారికి భద్రతా కిట్లు పంచుట మొదలుపెట్టినది. మంచి పని. కాని అప్పటికే పడినవారి యిండ్లలో పరికరములు లేవు, భార్యలున్నారు.

ఇట్లు వెన్ను విరిగినవారు బ్రతుకుట యనునది వైద్యములో క్రొత్త సంగతి. మన తాతల కాలమున వీరిలో ఎక్కువ మంది కొలది నెలలలోనే, పడక పుండ్లవలననో మూత్రము విషమగుటవలననో పోయెడివారు. 1944 ఫిబ్రవరిలో, హిట్లరు జర్మనీనుండి ఇంగ్లండునకు తప్పించుకొని వచ్చిన లుడ్విగ్ గుట్‌మాన్ అను యూదు వైద్యుడు స్టోక్ మాండవిల్ ఆసుపత్రిలో యుద్ధమున గాయపడిన సైనికులకై ఒక వార్డు తెరచినాడు. ఆయన సాధనము కొత్త మందు కాదు, గడియారము. పగలనక రాత్రియనక ప్రతి రెండు గంటలకును రోగిని ఒక ప్రక్కనుండి మరియొక ప్రక్కకు త్రిప్పవలెను. మూత్రాశయమును శుభ్రముగా ఉంచవలెను. చేతులు పనిచేయువారికి పని యియ్యవలెను. అర్ధరాత్రి వేళ ఆయనయే వార్డులో తిరిగి, త్రిప్పినారా లేదా యని చూచెడివాడట. 1948లో ఆ ఆసుపత్రి పచ్చికలో పదునారుగురితో ఆయన పెట్టిన విలువిద్య పోటీయే నేటి పారాలింపిక్ క్రీడలకు మొదలు.

మన దేశములో ఆ దీపమును వెలిగించినది వేలూరు. సి.ఎం.సి. ఆసుపత్రిలో యువ వైద్యురాలుగా నుండిన మేరీ వర్గీస్, 1954లో కారు ప్రమాదమున వెన్ను విరిగి, తానే చక్రముల కుర్చీ పాలై, ఆ కుర్చీలోనుండియే కుష్ఠురోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేసి, పిమ్మట అమెరికా వెళ్ళి పునరావాస వైద్యము నేర్చి వచ్చినది. ఆమె నడిపిన విభాగమునకు అనుబంధముగా 1966లో ప్రత్యేక సంస్థ వెలసినది. కాట్పాడి స్టేషనులో దిగు తెలుగువారి సంఖ్య చూచినచో వేలూరు మన జిల్లాలలో నొకటి యనుకొనవలసి వచ్చును. మేమును అక్కడికే పోయినాము. రోగి చేయవలసిన పని రోగికి, తాలూకు చేయవలసిన పని తాలూకునకు విడివిడిగా నేర్పిన చోటు నా అనుభవములో అదియొక్కటే. "ఆంటీకి వచ్చినంతవరకు ఆమెనే చేయనియ్యండి, మీరు చేసిపెడితే చేతులు కూడా పోతాయి" అని మా ఫిజియోథెరపిస్టు పిల్ల మొదటి రోజుననే నన్ను మందలించినది.

నేర్చుకొన్నదేమో చెప్పెదను. మడమలు పరుపునకు తగులరాదు. పిక్కల క్రింద దిండు పెట్టినచో మడమలు గాలిలో నిలుచును. త్రిప్పినప్పుడెల్ల సెల్‌ఫోను దీపముతో నడుము దిగువ ఎముకను, తుంటి ఎముకలను, మడమలను చూడవలెను. ఎఱ్ఱబారిన చోట వ్రేలితో నొక్కి వదలినప్పుడు తెల్లబడి మరల ఎఱ్ఱనైనచో భయము లేదు. నొక్కినను తెల్లబడక ఎఱ్ఱగానే యున్నచో పుండు లోపల మొదలైనదన్నమాట, ఆ ప్రక్క ఇక కొన్ని దినములు బరువు మోపగూడదు. మూత్రపు పైపు నెల తిరుగకముందే మార్చవలెను. సంచి ఎప్పుడును మూత్రాశయముకంటె దిగువనే వ్రేలాడవలెను. కుర్చీ త్రిప్పునపుడు చక్రము క్రింద పైపు నలుగునేమో చూచుకొనవలెను. ఉదయమున కమోడు కుర్చీమీద ముప్పావుగంట పట్టు పని యొకటి కలదు. దానికి తెలుగులో సభ్యమైన మాట దొరకలేదు. గోళ్ళు కత్తిరించుకొని యుండవలెనని మాత్రము చెప్పి ఊరకుందును. తక్కిన వేళల ఆమె చక్రముల కుర్చీ చేతులపై పలక అడ్డముగా వేసికొని కూరలు తరుగును, పాలవాని లెక్క వ్రాయును, నా వంటకు వంక పెట్టును. ఎడమ భుజము అరిగినందున రాత్రివేళ తనంతట తాను ప్రక్కకు తిరుగలేదు. అందుచేత పండ్రెండు, రెండు, నాలుగు, ఆరు. ఈ అంకెలకు ఇప్పుడు అలారము అక్కరలేదు.

ఇంత శిక్షణ పొందియు నేను తప్పు చేసిన రాత్రి యొకటి యున్నది. కడచిన శ్రావణమాసములో, చినుకులు పడుచుండగా, పదకొండున్నర వేళ, "ఏమండీ, తల పగిలిపోతోంది" అన్నది. దీపము వేసి చూచితే ముఖము కందిపోయి, నుదుట చెమట ధారలు కట్టుచున్నది; ఛాతీకి దిగువ మాత్రము చర్మము చల్లబడి గగుర్పాటుతో నున్నది. ఒకే దేహములో పైన గ్రీష్మము, క్రింద హేమంతము. బి.పి. యంత్రము 190 చూపినది.

ఇది ఏమో పాఠకులు తెలిసికొనుట మంచిది. వెన్నుపాము ఛాతీ మధ్యభాగమునకు, వైద్యుల లెక్కలో ఆరవ ఛాతీపూసకు, సమముగానో పైగానో దెబ్బతిన్నవారికి ఈ ఆపద వచ్చుటకు అవకాశమున్నది. మూత్రాశయము నిండి ఉబ్బినను, మలబద్ధమైనను, ఒక్కొక్కప్పుడు కాలి గోరు లోనికి పెరిగినను, దిగువ శరీరము తన బాధను మెదడునకు చెప్పుకొనజాలదు. తెగిన తీగలో కబురు పోదు. అయినను దిగువ నరములు తమంతట తాము కలవరపడి రక్తనాళములను బిగించివేయును. రక్తపోటు ఎగయును. మెదడు దానిని గుర్తించి, బిగింపు సడలింపుమని పంపు ఆజ్ఞయు అదే తెగిన చోట ఆగిపోవును. బాధ యేదో తొలగించనిచో పోటు దిగదు. మెదడులో నాళము చిట్లుటకు సైతము వీలున్నది. దీనిని ఆటోనామిక్ డిస్‌రిఫ్లెక్సియా అందురు. ఇట్టివారికి మామూలు రోజులలో రక్తపోటు తక్కువగా నుండును. నా భార్యకు ఎప్పుడును తొంబదియో వందయో. కనుక ఇతరులకు కొంచెము ఎక్కువ యనిపించు 140 ఆమెకు ప్రమాద సూచన. 190 యన్నచో చెప్పనక్కరలేదు.

ఆమెను నిటారుగా కూర్చుండబెట్టి, కాళ్ళు క్రిందికి దింపి, నడుముకట్టు వదులు చేసినాను. సంచిలో రెండు గంటలుగా బొట్టు పడలేదు. పైపు మడత పడలేదు. లోపలనే మడ్డి అడ్డినది. మార్చుట నాకు చేతనగును. కాని మార్చుటకు ఇంట పైపు లేదు. ఉన్న ఒక్కటి పది దినముల క్రిందట వాడితిని. తెచ్చెదను తెచ్చెదనని తేలేదు. పిట్టగోడ తరువాత ఇది రెండవది. 108కి ఫోను చేసినాను.

ఆ మూడంకెల గూర్చి ఒక మాట. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో ఈ సేవ మొదలైనది. పిమ్మట ఉమ్మడి రాష్ట్రమంతటను, తరువాత దేశములో అనేక రాష్ట్రములలోను వ్యాపించినది. అంతకుముందు మన పల్లెలలో ఆపద వచ్చినవాని వాహనము ఎడ్లబండియో, మంచము తలక్రిందులు చేసి కట్టిన డోలీయో, అదృష్టమున్నచో ఇటుకల లారీయో. కొండప్రాంతపు గిరిజన గూడెములలో డోలీ నేటికిని పోలేదు. తక్కిన చోట్ల మాత్రము "నూటెనిమిది" అనునది తెలుగు మాటయే అయినది. తులసిమాల పూసలెన్నియో 108 వాహనపు అంకెయు నదియే యగుట యాదృచ్ఛికమే గావచ్చును గాని, మా యమ్మ మాత్రము దానిని దైవనిర్ణయమని చెప్పెడిది. ఆ వాహనములో నడపువానిని పైలట్ అందురు. వెనుక నుండి రోగిని చూచువాడు ఈ.ఎం.టి. ఆ రాత్రి వారిద్దరును ముప్పది యైదు నిమిషములకు వచ్చినారు. ఆలస్యమని నేననను. మా మండలమున ఉన్న బండి అప్పుడే కాన్పు కేసును దింపి వచ్చుచున్నది. దానికి రెండు చోట్ల ఉండుట సాధ్యము కాదు గదా.

ఆసుపత్రి వాకిట అసలు నిరీక్షణ మొదలైనది. లోపల ఖాళీ స్ట్రెచరు లేదు. ఆటో బోల్తాపడి ఏడుగురు వచ్చియున్నారు. నా భార్యను దింపనిదే 108 వారి స్ట్రెచరు వారికి రాదు. స్ట్రెచరు రానిదే బండి కదలదు. పైలటు ఫోనులో ఎవరికో, "ఇక్కడే ఉన్నాం సార్, ఇంకా ఖాళీ అవలేదు" అని చెప్పుచున్నాడు. ఆ ఫోనుకు అవతల మరియొక యింట మరియొక తాలూకు గుమ్మములో నిలిచి వీధివైపు చూచుచుండును. అంబులెన్సులు చాలవని మనమందుము, కొంతవరకు నిజమే. కాని వాని చక్రములు క్యాజువాలిటీ గుమ్మమున కూడ ఇరుక్కొనును. క్యాజువాలిటీ ఖాళీ కాకుండుట పైనున్న వార్డులో మంచము లేనందున. వార్డులో మంచము లేకుండుట, ఇంటికి పంపదగిన రోగిని చూచుకొను దిక్కు ఇంట లేనందున. ఒకచోట అడ్డినది మరియొకచోట ఉబ్బును. నా భార్య మూత్రాశయమునకును మన ఆసుపత్రులకును వచ్చిన వ్యాధి ఆ రాత్రి ఒక్కటియే.

డ్యూటీ డాక్టరు పాతికేండ్ల కుర్రవాడు. కన్నులు చింతనిప్పులవలె నున్నవి. బి.పి. చూచి, తలనొప్పి అని విని, "పెరాలిసిస్ ఎప్పట్నుంచి?" అన్నాడు. "పదకొండేళ్ళు" అన్నాను. "బ్రెయిన్‌లో బ్లీడింగేమో, సి.టి. ఇక్కడ లేదు, జిల్లాకి రిఫర్ చేస్తాను" అని చీటీ అందుకొన్నాడు. జిల్లా ఆసుపత్రి అరువది కిలోమీటర్లు.

"డాక్టరుగారూ, తలలో కాదు బాబూ, పైపులో ఉంది జబ్బు. పైపు మార్చండి, తగ్గిపోతుంది."

"అంకుల్, యూరిన్ సంగతి తరవాత చూద్దాం. బి.పి. చూశారా ఎంతుందో?"

ఆ కుర్రవానిది అజ్ఞానమని నేననను. రక్తపోటు ఎక్కువ, తలపోటు, పక్షవాతము అను మూడు మాటలు వినినచో నూటికి తొంబది తొమ్మిదిమంది విషయములో ఆయన ఆలోచనయే సరియైనది. నూరవ మనిషిని ఎరిగినవాడు ఆ గదిలో నేనొక్కడనే. కాని తాలూకు చెప్పుమాటకు కేస్ షీటులో గడి లేదు. అప్పుడు ప్రక్క మంచమునకు కట్టు కట్టుచున్న పెద్ద సిస్టరు తల త్రిప్పి, "పైపు మారిస్తే పోయేదేముంది సార్, రెండు నిమిషాలు" అన్నది. ఆయన ఔననకముందే అలమర తెరచినది. పాత పైపు తీసినంతనే పాలవిరుగుడువంటి మూత్రము ముప్పావు లీటరు పైగా వచ్చినది. పది నిమిషములలో నా భార్య, "అమ్మయ్య" అన్నది. పావుగంటకు బి.పి. 110.

కొంతసేపటికి ఆ డాక్టరు తానే వచ్చి స్టూలుపై కూర్చుండి, "దీన్నేమంటారంకుల్, ఇందాక మీరు చెప్పింది?" అని అడిగి, ఓ.పి. చీటీ వెనుక ఆ పేరు వ్రాసికొని జేబులో పెట్టుకొన్నాడు. తాను ముందుదినము ఉదయమునుండి డ్యూటీలో నున్నాననియు చెప్పినాడు. ఈ దేశమున వైద్యుల వినయమును గూర్చి ఎవరేమన్నను ఇకమీదట నేను సాక్ష్యమునకు పోగలను.

తెల్లవారువరకు ఉంచి చూతమన్నారు. ఆడవారి వార్డులో మూల మంచము దొరకినది. ఆయా వచ్చి, "మగాళ్ళు రాత్రిళ్ళు లోపలుండకూడదండీ" అన్నది. నియమము మంచిదే, అక్కడ బాలింతలున్నారు, వయసు పిల్లలున్నారు, నా కూతురున్నను నేనట్లే కోరుదును. కాని ఆ నియమము వ్రాసినవారు, భార్యకు సేవచేయువాడు భర్త కావచ్చునని తలపోయలేదు. రెండు గంటలకు త్రిప్పవలెను, నాలుగు గంటలకు త్రిప్పవలెను. ఇద్దరు సిస్టర్లు రెండు వార్డులను చూచుకొనుచున్నారు. నేను వరండాలో కిటికీ చువ్వలు పట్టుకొని నిలిచియుండగా, ప్రక్క మంచము కోడలికై వచ్చిన పెద్దావిడ, "ఏం కావాలయ్యా?" అన్నది. చెప్పినాను. ఆమె కొంగు నడుమున దోపి, ఇంకొక మంచము తాలూకును లేపి, "నువ్వు భుజం పట్టు, నేను తుంటి పడతా" అన్నది. నేను కిటికీనుండి చెప్పుచుండగా, ఇద్దరును దిండ్లతో సహా సరిగా త్రిప్పినారు. నాలుగింటికి నేను పిలువకుండగనే పెద్దావిడ మరల లేచినది. మన ఆసుపత్రులు నడచుచున్నది జీతము పుచ్చుకొనువారి వలననే యని తలచువారు ఒక్క రాత్రి ఆ కిటికీ కడ నిలిచి చూడవలెను.

ఇక్కడ నాకు సిగ్గు కలిగించు సంగతి యొకటి చెప్పవలెను. పదకొండేండ్లుగా, వీధిలో ఎదురైన ప్రతివారును, "ఎంత పుణ్యాత్ముడివయ్యా, ఈ కాలంలో భార్యకి ఇంత చేసేవాడెవడు" అని నన్ను పొగడుచునే యున్నారు. మా వీధి చివర ఒక ఇల్లాలు, పక్షవాతము వచ్చిన భర్తను పదునాలుగేండ్లుగా మోయుచు, ఉదయము నాలుగిండ్లలో పనిచేసి వచ్చుచున్నది. ఆమెను ఎవరును పుణ్యాత్మురాలనరు. ఆడుది చేసినచో అది ధర్మము. మగవాడు చేసినచో త్యాగము. దండలు పడవలసిన మెడ నాది కాదు.

ప్రభుత్వ మేమి యిచ్చుచున్నదందురా? చట్టము బాగుగనే యున్నది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము, 1995 చట్టములోని ఏడు వైకల్యములను ఇరువది యొకటిగా పెంచినది. ఆసుపత్రులలో వికలాంగులను చూచుటలోను చికిత్సలోను ప్రాధాన్యమీయవలెనన్నది. ఎక్కువ ఆసరా కావలసినవారికి సంరక్షకుల భత్యమును గూడ పేర్కొన్నది. అయితే, ఆయా ప్రభుత్వముల ఆర్థిక స్తోమతకు లోబడి యని చిన్న మెలిక పెట్టినది. చట్టములలో ఇట్టి మెలికలు మూత్రపు పైపులోని మడతల వంటివి, బయటికి కనబడవు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుండి వికలాంగుల పింఛను 6,000 రూపాయలు, పక్షవాతముతో మంచమునకో చక్రముల కుర్చీకో పరిమితమైనవారికి 15,000 రూపాయలు అయినది. తెలంగాణలో 2023 నుండి 4,016 రూపాయలు. ఈ సొమ్ము చిన్నది కాదు. మా వంటి యిండ్లలో దానితోనే గాలిపరుపు, పైపులు, సంచులు, డైపర్లు, దూది వచ్చుచున్నవి. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ఎందరి ప్రాణములనో నిలిపినది. కాని అది ఆపరేషను బల్ల చుట్టు తిరుగు పథకము. రోగి గుమ్మము దాటి ఇంటికి వచ్చిన పిదప, ఇరువదేండ్లు సాగు సేవకు అందులో ప్యాకేజీ లేదు. బకాయిలు రాలేదని నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు నిలిపిన దినములలో ఆ బల్లయు లేదు.

కేరళము ఈ విషయమున మనకంటె ముందున్నది. 1993లో కోళిక్కోడులో కొందరు వైద్యులు ప్రారంభించిన ఉపశమన సేవ, 2008లో రాష్ట్ర విధానమై, పంచాయతీ పంచాయతీకి ఇంటికి వచ్చు నర్సును ఏర్పరచినది. మంచము పట్టినవాని పైపును ఆమె ఇంటనే మార్చును, పుండును కడుగును, చూచుకొను మనిషిని "నీవు నిద్రపోవుచున్నావా?" అని అడుగును. "ఆశ్వాసకిరణము" అను పేర సంరక్షకునికి నెలకు 600 రూపాయలను కూడ అక్కడి ప్రభుత్వ మిచ్చుచున్నది. 600 రూపాయలతో ఏమి వచ్చును అనవచ్చును. తాలూకు అను మనిషి లెక్కలోనికి వచ్చును. ఆ నర్సే మా ఊరిలో నున్నచో, ఆ రాత్రి 108 బండి వేరొక యింటికి పోయియుండును. డ్యూటీ డాక్టరు ఆటో కేసులను చూచుకొని యుండును.

తాలూకు పడిపోయిన యెడల ఏమగునని నన్ను చాలమంది అడుగుదురు. నేను మాట మార్చుదును. మూడేండ్లుగా నాకు గజ్జలలో హెర్నియా యున్నది. ఆపరేషనుకు ఒక దినము, బరువులెత్తకుండుటకు కొన్ని వారములు. ఆ వారములలో ఆమెను మంచమునుండి కుర్చీకి మార్చువారెవరు? మా అబ్బాయి ఉద్యోగము పుణేలో. హోమ్‌నర్సులను పంపు ఏజెన్సీవారు అడుగు నెల జీతము నా పింఛనులో మూడు వంతులు. అందుచేత బెల్టు కట్టుకొని ఎత్తుచున్నాను. ఆ బరువే హెర్నియాను పెంచుచున్నదని తెలిసియే ఎత్తుచున్నాను. ఇట్టి లెక్కలు మన దేశమున ఎన్ని యిండ్లలో జరుగుచున్నవో ఎవ్వరు వ్రాసిపెట్టుదురు?

ఆ రాత్రి పిమ్మట చేసిన పని యొకటి యున్నది. ఒక అట్టమీద పెద్ద అక్షరములతో, వెన్ను ఏ పూస వద్ద విరిగినది, మామూలు బి.పి. ఎంత, పైపు ఏ సైజు, ఎప్పుడు మార్చితిమి, ఏ మందు పడదు అని వ్రాయించి, క్రింద, "తలపోటు, చెమట, బి.పి. పెరిగినచో మొదట పైపు చూడండి" అని చేర్చి, ప్లాస్టిక్ కవరులో పెట్టి చక్రముల కుర్చీకి తగిలించినాను. సగము ఇంగ్లీషు, సగము తెలుగు. ఒక ప్రతి బీరువా తలుపునకున్నది. ప్రక్కనే మేకునకు కొత్త పైపులు మూడు వ్రేలాడుచున్నవి.

ఆ రాత్రి తెల్లవారి ఆరుగంటలకు డిశ్చార్జి చేసినారు. 108 ఆసుపత్రికి తెచ్చునుగాని ఇంటికి దింపదు. బాలింతలను దింపుటకు 102 బండి కలదు. వెన్ను విరిగినవారికి లేదు. గేటు కడనున్న ప్రైవేటు వ్యానువాడు పదునైదు వందలన్నాడు, బేరమాడగా పండ్రెండు వందలకు దిగినాడు. కిటికీ కడ పెద్దావిడకు నమస్కరింపబోతే, "పోయిరండయ్యా, టిఫిను తిని పడుకోండి" అని కోడలివైపు తిరిగినది. ఇంటికి చేరి, వ్యానువాడును నేనును కలిసి ఆమెను మంచముమీదికి చేర్చునప్పటికి వాన వెలిసి ఎండ వచ్చినది. కాఫీ పెట్టుదునని వంటింటివైపు కదలినాను.

"ఏమండీ, టైమెంత?"

"ఏడు కావస్తోంది."

"నాలుగింటికి ఆవిడ కుడివైపు తిప్పింది. వ్యాన్లోనూ అదే వైపు పడుకోబెట్టారు. కాఫీ తరవాత చూసుకోవచ్చు గాని, ముందు ఇటు రండి."